మంత్రి గారూ, పేషెంటు సంగతి ఇంటివాళ్లకు చెప్పడానికి రోజూ ఒక టైము పెట్టించండి

తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను వరంగల్ జిల్లాలో పత్తి రైతును. మా చిన్నాయనకు పక్షవాతం వచ్చి పెద్ద దవాఖానలో ఉన్నాడు. వైద్యం బాగాలేదని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆరోగ్యశ్రీలో చేర్చుకున్నారు, స్కానింగుకు మమ్మల్ని పైసా అడగలేదు. నేను అడిగేదానికి పెద్దగా నిధులు కూడా అక్కర్లేదు. మనిషి ఎలా ఉన్నాడో ఇంటివాళ్లకు చెప్పడానికి రోజూ ఒక టైము ఉండాలి, అంతే.

పెద్ద డాక్టరు గారు రౌండ్స్‌కు పొద్దున తొమ్మిదికి వస్తారు. మా ఊళ్లో మొదటి బస్సు ఎక్కి, మండలం దగ్గర ఇంకోటి మారి, దవాఖానకు చేరేసరికి పదిన్నర దాటుతుంది. మంచం దగ్గర ఉండేది మా చిన్నమ్మ. ఆమెకు చదువు రాదు. డాక్టరు గారు పీజీ చదివే చిన్న డాక్టర్లతో ఇంగ్లిషులో మాట్లాడి, ఆమె వైపు తిరిగి "చూద్దాం అమ్మా" అని పక్క మంచానికి పోతారు. మేము వెళ్లి ఏమన్నారంటే ఆమె దగ్గర ఉండేది ఆ ఒక్క ముక్కే.

ఒకరోజు మాత్రం "సోడియం తక్కువున్నదంట" అని చెప్పింది. ఊళ్లో ఆర్ఎంపీని అడిగితే, ఉప్పు తగ్గింది, ఏం కాదన్నాడు. సాయంత్రం మా వాళ్లు ఉప్పు దండిగా వేసిన జావ క్యారియర్‌లో పట్టుకొచ్చారు. ముక్కు గొట్టంలో పోయబోతుంటే సిస్టర్ చూసి గిన్నె లాక్కుంది. తిట్టింది కూడా. తిట్టడం న్యాయమే, కానీ అంతకుముందు ఎవరూ చెప్పలేదు కదా.

ఇదంతా చిన్న విషయం అనిపించవచ్చు. ఊళ్లో మా పనులన్నీ ఆ ఒక్క కబురు కోసం ఆగిపోయాయి సార్. మొంథా తుపానుకు తడిసిన పత్తి ఇంకా ఏరేది ఉంది. తేమ 12 శాతం దాటితే సర్కారు తరఫున పత్తి కొనే సీసీఐ తీసుకోదు. 2025-26 సీజనుకు పెట్టిన క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర రావాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పెట్టుకోవాలి. ఓటీపీ చిన్నాయన నంబరుకు వస్తుంది. ఆ ఫోను వార్డులో చిన్నమ్మ కొంగున ఉంటుంది, ఎక్కువసార్లు చార్జింగ్ ఉండదు. బర్రె చిన్నమ్మ చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వడం లేదు. బేరగాడు వచ్చి అడిగిపోయాడు. చిన్నాయన నెల రోజుల్లో లేచి తిరుగుతాడంటే ఎట్లనో నెట్టుకొస్తాం, అమ్ముకోం. ఏడాది మంచంలోనే అంటే అమ్మక తప్పదు. ఆ మాట డాక్టరు తప్ప ఇంకెవరు చెప్తారు?

డాక్టరు చెప్పకపోతే ఊరు చెప్తుంది. అరటిపండ్లు పట్టుకొచ్చి చూసిపోయిన ప్రతి ఒక్కరూ ఒక సలహా ఇచ్చి పోతారు. ఒకాయన నిమ్స్‌లో తెలిసినాయన ఉన్నాడంటాడు, ఇంకొకామె పసరు మందు అంటుంది. ప్రైవేటుకు తీసుకుపోదామనే మాట మా ఇంట్లోనూ వచ్చింది. అక్కడ మంచి మందు ఉంటుందని కాదు, ఎవరన్నా కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్తారని. ఆ నాలుగు మాటల కోసం పొలం కాగితాలు తాకట్టు పెట్టినవాళ్లను మా ఊళ్లోనే చూశాను.

పీజీ డాక్టర్లకు నిద్ర కూడా ఉండదని తెలుసు. కానీ వరండాలో నడుస్తుంటే పదిమంది అడ్డం పడి అడగడం వాళ్లకు మాత్రం బాగుంటుందా? దాని బదులు యూనిట్‌కు ఒకరు, మధ్యాహ్నం రెండింటి నుంచి మూడింటి వరకు కుర్చీలో కూర్చుంటే చాలు. జబ్బు ఏంటి, నిన్నటికి ఇవాళ్టికి ఎలా ఉంది, ఇంకా ఎన్నాళ్లు పట్టొచ్చు, ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి, ఇవి తెలుగులో చెప్పాలి. రాలేనివాళ్లను స్పీకర్ ఫోన్‌లో విననివ్వాలి. పేర్లు రాసుకునే పని దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రకు ఇవ్వొచ్చు. మా బంధువుల అమ్మాయి ఎంబీబీఎస్ చదువుతోంది, ఇంటివాళ్లతో ఎలా మాట్లాడాలో 2019 నుంచి వాళ్లకు పాఠంగానే చెప్తున్నారట. చదువు ఉంది, చెప్పే టైమే లేదు.

పనిలో పనిగా ఇంకొకటి. హైదరాబాద్‌లోని 18 సర్కారు దవాఖానల్లో తోడున్నవాళ్లకు ఐదు రూపాయల భోజనం 2022లో మొదలుపెట్టారు. మేమున్న దవాఖానలో అది లేదు, చిన్నమ్మ చాలా పూటలు బన్ను, చాయతోనే గడుపుతోంది. దాని సంగతి కూడా చూడండి.

ముందు ఒక్క వార్డులో పెట్టి చూసినా సరే. టైము మాత్రం వార్డు తలుపు మీద రాయించండి. మా ఊరికి చివరి బస్సు ఐదింటికి, అంతలోపు ఏ గంటైనా మాకు పర్వాలేదు.

ఇట్లు,
వరంగల్ జిల్లా నుంచి ఒక పత్తి రైతు