మా నాన్నకి అయిదు చెంచాలు తినిపించిన సిస్టర్ గారు

సంపాదకుల వారికి,

గత నెలలో మా నాన్నతో జిల్లాలోని ఒక ఆసుపత్రిలో 17 రోజులున్నాను. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం, కవిటి మండలం. కిడ్నీ జబ్బు గురించి మా వైపు ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. నాన్నకి 68 ఏళ్లు, బతుకంతా కొబ్బరి తోటలోనే గడిచింది. డయాలసిస్ మొదలయ్యాక మనిషే మారిపోయాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడి ఎరగనివాడు, వార్డులో మూడో రోజు కంచం ఎత్తి విసిరేశాడు. సాంబారన్నం పక్క మంచం దుప్పటి మీద పడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

డ్యూటీలో ఉన్న సిస్టర్ గారు ఏమీ అనలేదు. నేల తుడిపించి, దుప్పటి మార్పించి వెళ్లిపోయారు. నేను మాత్రం "రెండు ముద్దలు తిను నాన్నా" అని బతిమాలుతూనే ఉన్నాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అరగంటకి ఆవిడ మళ్లీ వచ్చారు. అన్నం తేలేదు, గోరువెచ్చటి నీళ్లు తెచ్చారు. "తాతా, నోరు ఇనుము నాకినట్టుందా?" అన్నారు. నాన్న టక్కున ఇటు తిరిగి, "నీకెలా తెలుసే గుంటా?" అన్నాడు. రక్తంలో యూరియా పేరుకుంటే నోటి రుచి అలా అయిపోతుందట. అన్నం వాసనకే వికారం, ఒళ్లంతా దురద, నిద్ర పట్టదు. ఆ కోపం అందులోంచి వస్తోందని పక్కనే కూర్చున్న నాకు తట్టలేదు. నోరు పుక్కిలింపించి, వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, ఇడ్లీ ముక్క వేసిన చెంచా ఆయన చేతికే ఇచ్చారు. "అయిదు చెంచాలు చాలు తాతా, మళ్లీ రెండు గంటలకి ఇంకో అయిదు" అన్నారు. పంతం కొద్దీ ఆరు తిన్నాడు.

నీళ్ల గొడవ ఇంతకంటే పెద్దది. నాన్నకి రోజుకి 800 మి.లీ. మించకూడదన్నారు డాక్టరు గారు. ఎండల్లో తోట పని చేసిన మనిషికి అది ఏ మూలకి? గంటకోసారి ఆయన అడగడం, నేను కాదనడం, "కన్నతండ్రిని దాహంతో సంపేస్తావేట్రా" అని వార్డంతా వినేలా తిట్టడం. సిస్టర్ గారు ఒక సీసాకి ప్లాస్టర్ అంటించి, పెన్నుతో గీతలు గీసి, పొద్దున్నే కొలిచి నింపి నాన్న చేతిలో పెట్టారు. "ఇది నీది. ఎప్పుడు తాగుతావో నీ ఇష్టం, మీ అబ్బాయిని అడగక్కర్లేదు. టీ తాగితే మాత్రం అంత ఇందులోంచి తీసేస్తా" అన్నారు. అప్పటి నుంచి నాన్న ఆ గీతలు చూసుకుంటూ పిసినారిలా తాగాడు. మధ్యాహ్నానికి సగం సీసా మిగిలిందని నాకు చూపించి మరీ గొప్పలు పోయాడు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. తొమ్మిదో రోజు నాన్న కళ్లనీళ్లు పెట్టుకుని కొబ్బరి నీళ్లు అడిగాడు. గేటు బయట బొండాల బండి ఉంది. సొంత తోట ఉన్నవాళ్లం బొండాం కొనుక్కోవడం అదో కష్టం, అది వేరే సంగతి. గ్లాసుడు తెచ్చి దుప్పటి చాటున తాగించాను. సిస్టర్ గారు ఖాళీ గ్లాసు వాసన చూసి కనిపెట్టేశారు. నాన్నని ఒక్క మాట అనలేదు. నన్ను వరండాలోకి పిలిచి, "ఇందులో పొటాషియం ఉంటుంది. ఆయన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఎక్కువైతే గుండె ఆగిపోతుంది బాబూ" అన్నారు. వెంటనే ఈసీజీ తీయించారు. ఆ కాగితం డాక్టరు గారు చూసేదాకా నా కాళ్లు నిలవలేదు. ఏమీ కాలేదు, మా అదృష్టం. అరటిపండు, చోడి (రాగి) అంబలి కూడా ఆయనకి అడ్డేనట. బలమని మనం మూట కట్టుకుని వెళ్లేవి అవే కదా!

అదే వార్డులో పక్షవాతం వచ్చిన ఒక ముసలమ్మకి చుట్టాలు పడుకోబెట్టే నీళ్లు పోశారు. పొరబోయి కళ్లు తేలేసింది. సిస్టర్ గారు పరుగున వచ్చి, పక్కకి తిప్పి, మిషన్‌తో గొంతులోది లాగేసి, అప్పుడు కేకలేశారు. "నీళ్లు కూడా పొయ్యనివ్వరేటి? వీడియో తీసి పెడతా" అని ఆ ఇంటాయన ఎదురు తిరిగాడు. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందని, అన్నం పెట్టాక అరగంటైనా కూర్చోబెట్టే ఉంచాలని ఆయనకి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మనిషేరీ? రాత్రిపూట నేను లెక్కపెట్టాను, 38 మంచాలకి ఇద్దరే. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకి ఒకరు, మామూలు ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన లెక్క. ఇంజక్షన్లు, సెలైన్లు, రిజిస్టర్లు అయ్యాక ఆ ఇద్దరు ఎంతమందికని అయిదేసి చెంచాలు తినిపిస్తారు?

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, మంచిదే. మా జిల్లాలో మిగతా ఆసుపత్రుల్లో కూడా కిడ్నీ రోగుల కంచం వేరుగా రావాలి, ఉప్పు తగ్గించి, కూరముక్కలు ఉడికించిన నీళ్లు వార్చేసి. రోగిని చేర్చుకున్న రోజే తోడున్నవాళ్లని పది నిమిషాలు కూర్చోబెట్టి ఏం పెట్టాలో, ఎలా పెట్టాలో చేసి చూపిస్తే నాలాంటి వాళ్లు దుప్పటి చాటున గ్లాసులు తీసుకెళ్లరు. జిల్లా అధికారులు ఈ రెండూ ఆలోచించాలి.

సిస్టర్ గారి పేరు రాయొచ్చా అని ఫోన్ చేసి అడిగాను. వద్దన్నారు. "రాస్తే నైట్ డ్యూటీలో ఇద్దరమే ఉంటున్నామని రాయండి" అన్నారు. రాశాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు కొడుకు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా