గోడ ఆరకముందే పూలు పూయించొద్దు

సంపాదకులకు,

గృహప్రవేశాల కాలం వచ్చిందంటే హాల్లో ఒక గోడకు స్టెన్సిల్ (డిజైన్ కత్తిరించిన షీటు) ఆనించి పేస్టుతో లేపే ఉబ్బెత్తు లతలు, వాటిపై బంగారు మెరుపు కావాలని అడగడం ఇప్పుడు చిన్న ఊళ్లలోనూ మామూలైంది. ముహూర్తం దగ్గర పడిందని ఈ పనిని నాలుగు రోజుల్లో ముగించమంటున్నారు. ఏడాది తిరక్కుండానే పూరేకులు పెచ్చులుగా రాలుతున్నాయి. అప్పుడు పేస్టు నాసిరకమంటూ దుకాణదారుతో గొడవ పడతారు. చాలా ఇళ్లలో అసలు కారణం గోడలోని తడి.

కొత్త ప్లాస్టరింగ్‌కు నీళ్లు పట్టడం అయ్యాక కనీసం 28 రోజులు గాలికి వదిలేయాలి. పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ, సిమెంటు క్షారం మిగిలే ఉంటాయి. యాక్రిలిక్ పేస్టు, ఎమల్షన్ రంగు పూస్తే ఆ చెమ్మకు దారి మూసుకుపోయి, ఉప్పు పొంగి పొరను వెనకనుంచి నెట్టేస్తుంది. హైదరాబాద్‌లో చార్మినార్ మీద, పైగా వంశీయుల సమాధుల మీద కనిపించే గచ్చు పని సున్నంతో చేసింది. సున్నం చెమ్మను బయటికి పోనిస్తుంది. నేటి పేస్టుకు ఆ గుణం బాగా తక్కువ. అందుకే పని మొదలుపెట్టే ముందు రెండడుగుల పాలిథిన్ ముక్కను గోడకు పరిచి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజంతా ఉంచాలి. లోపలివైపు నీటి బొట్లు పట్టాయంటే ఆ గోడ ఇంకా సిద్ధం కాలేదు. బాత్రూమ్‌ను ఆనుకున్న గోడకైతే ఈ పరీక్ష తప్పనిసరి.

స్టెన్సిల్ ఎంత మందమో డిజైన్ దాదాపు అంతే లేస్తుంది. రంగు అద్దడానికి వాడే పలుచటి షీటు దీనికి పనికిరాదు. ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల షీటు కావాలి. పేస్టు ఎంత కొనాలో కూడా ముందే లెక్క వేసుకోవచ్చు. అడుగు చదరపు స్టెన్సిల్‌లో నలభై శాతం ఖాళీ ఉంటే, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎత్తుకు ఒక్కో అచ్చుకు సుమారు వంద గ్రాములు పడుతుంది. పన్నెండడుగుల గోడ పొడవునా ఒక వరస బార్డరుకు కిలోన్నర తీసుకుంటే వృథా పోయేదీ అందులోనే సరిపోతుంది. ఖర్చు కలిసొస్తుందని కొందరు తెల్ల సిమెంటు లప్పంతోనే కానిచ్చేస్తారు. లప్పం పలుచగా పట్టించడానికి తయారైంది. ఎత్తు లేపితే నెర్రెలిస్తుంది, కుర్చీ అంచు తగిలితే విరుగుతుంది.

అచ్చు వేసేటప్పుడు తూకపు గుండుతో నిలువు గీత కొట్టుకుని స్టెన్సిల్‌ను మాస్కింగ్ టేపుతో బిగించాలి. లప్పం బ్లేడును బాగా వాల్చి, తేలిక చేత్తో, అంచులనుంచి మధ్యకు లాగాలి. గట్టిగా అదిమితే పేస్టు షీటు కిందికి దూరి గీతలన్నీ మొద్దుబారతాయి. సమం చేసిన వెంటనే, పచ్చిగా ఉండగానే ఒక వైపునుంచి మెల్లగా లేపాలి. ఆలస్యమైతే అంచులు షీటుతో పాటే చిరిగి వస్తాయి. ప్రతి అచ్చు తర్వాతా షీటు వెనక వైపు కడిగి, తడి లేకుండా తుడవాలి. ఒక చోటు విడిచి ఒక చోటు వేసుకుంటూ పోయి, మొదటివి ఆరాకే మధ్యవి నింపాలి. పక్కనున్న పచ్చి డిజైన్ మీద షీటు ఆనిందా, రెండూ పాడవుతాయి. ఇంకా ఎత్తు కావాలంటే రెండో పొరగా వేయాలే తప్ప ఒకేసారి మందంగా పెట్టకూడదు. పైన ముందుగా ఆరి, లోపలి నీరు తర్వాత పోతుంది కనుక నడిమధ్య పగులుతుంది. ఆరడానికి ఎండాకాలం ఒక రోజు, ముసురు పడితే రెండు మూడు రోజులు.

ఆరిన డిజైన్ అంచులను 220 నంబరు ఎమరీతో మెత్తగా రుద్ది, ప్రైమర్ తప్పకుండా వేయాలి. పేస్టు రంగును పీల్చేస్తుంది, ప్రైమర్ లేకపోతే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. పాతబడిన రాయిలా, కంచులా కనిపించే ముగింపుకు నాలుగు పాళ్ల గ్లేజులో (రంగును పారదర్శకంగా చేసే ద్రవం) ఒక పాలు రంగు కలిపి, మూడడుగుల వెడల్పు మించకుండా పూసి, తడిబట్టతో ఉబ్బెత్తు భాగాల మీద తుడిచేయాలి. గుంటల్లో మిగిలిన రంగే లోతు చూపిస్తుంది. ఒకరు పూస్తుంటే ఒకరు తుడవాలి, లేదంటే అతుకు గీతలు పడతాయి. మే నెలలో ఈ పని పొద్దున్నే, ఫ్యాను ఆపి చేసుకోవడం మేలు. బంగారు రంగును నేరుగా తెల్లగోడ మీద వేస్తే పాలిపోతుంది. కింద ముదురు పసుపో ఇటుక రంగో ఉండాలి.

ఇంకొకటి, పనివాళ్ల ఊపిరికి సంబంధించింది. ఇళ్లలో వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లకు 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరునుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి ఎనామెల్ (నూనె రంగు) వేసిన గోడలను పొడిగా రుద్దితే ఆ దుమ్ములో సీసం ఉండొచ్చు. అలాంటి చోట తడి ఎమరీ వాడాలి, మంచి మాస్కు ఇంటి యజమానే కొనివ్వాలి, పని ముగిసి నేల తడిగుడ్డతో తుడిచేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకూడదు.

చదరపు అడుగు రేటు మాట్లాడుకునే రోజునే ఆరబెట్టే రోజులూ మాట్లాడుకోవాలని, ప్లైవుడ్ ముక్క మీద నమూనా వేయించుకుని చూడాలని ఇళ్లు కట్టుకునేవారికి మనవి. మీ పత్రిక ఇంటి అలంకరణ పేజీలో డిజైన్ల ఫొటోలు వేసినప్పుడు, దాని కింద ఎన్ని రోజుల పనో కూడా ప్రచురిస్తే మేస్త్రీల మీద తొందర ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది.

– ఒక పెయింటింగ్ మేస్త్రీ, హనుమకొండ