ఈ సాయంత్రం నెలవంక చూద్దాం, మేడ మీదికి రండి

అందరికీ నమస్కారం. ఈ రోజు ఫాల్గుణ శుద్ధ తదియ. సాయంత్రం ఏడు గంటలకల్లా పిల్లలను తీసుకుని మేడ మీదికి రండి. పడమట నెలవంక చిన్న పడవలా, కొమ్ములు పైకెత్తి ఉంటుంది.

వంకను మాత్రమే చూసి దిగిపోకండి. మిగిలిన గుండ్రం కూడా బూడిద రంగులో మసకగా కనిపిస్తుంది. భూమి మీద పడిన ఎండే తిరిగి వెళ్లి చంద్రుడిని తాకిన వెలుగు అది. మొదటిసారి గమనించినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడా అని నిన్న ఒక పాప అడిగింది. కాదు తల్లీ, ఆ నీడ పడేది చంద్రగ్రహణం నాడే. చంద్రుడిలో సగం ఎప్పుడూ ఎండలోనే ఉంటుంది. ఆ సగంలో మన వైపుకు ఎంత తిరిగి ఉంటే అంత కనిపిస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29.5 రోజులు.

బైనాక్యులర్ ఉన్నవారు అష్టమి నాడు తప్పక తీసుకురండి. పున్నమికి ఎండ సూటిగా పడి నీడలే ఉండవు. అష్టమికైతే వెలుగూ చీకటీ కలిసే గీత వెంట గుంతల అంచులు చెక్కినట్టు కనిపిస్తాయి.

మబ్బు పడితే రేపు చవితికి కలుద్దాం. చంద్రుడిని చూడకూడదన్నది వినాయక చవితి నాడే, పెద్దవాళ్లు కంగారు పడకండి.