జబ్బు లేకుండా స్కానింగ్ ఎందుకంటే

హైదరాబాద్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో "జబ్బేమీ లేకుండా ఎవరైనా వెళ్ళి ఎమ్మారైలో పడుకుంటారా?" అని అడిగావు. అప్పుడు బస్టాండులో ఉన్నాను, ఆ రొదలో ఏం చెప్పానో నాకే గుర్తు లేదు. ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

మెదడు మీద పరిశోధన చేసేవాళ్ళకు ఆరోగ్యంగా ఉన్న మనుషులు కావాలంటే పేరిచ్చాను. ఉంగరం, బెల్టు, మెడలో గొలుసు అన్నీ తీయించారు. అది 3 టెస్లాల అయస్కాంతం. భూమి అయస్కాంత బలానికి దాదాపు 60 వేల రెట్లు. వెల్లకిలా పడుకోబెట్టి, చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టి, తల కదలకుండా రెండు పక్కలా మెత్తలు దోపి, ముఖం మీదికి పంజరంలాంటిది దించారు. భయం వేస్తే నొక్కమని చేతికి ఒక రబ్బరు బుడ్డి ఇచ్చారు. లోపల చప్పుడు ఎలా ఉంటుందంటే, మన బడి రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డ రోజు గుర్తుందా, అలా.

తెర మీద గుర్తు కనబడినప్పుడు కుడిచేతి వేళ్ళు కదపాలి, అది పోగానే ఆపాలి. కాసేపటికి, "ఇప్పుడు వేళ్ళు కదపకండి, కదుపుతున్నట్టు మనసులో అనుకోండి, చాలు" అన్నారు. అక్కడే శేషు మామయ్య గుర్తొచ్చాడు. నిజానికి ఆయన కోసమే వెళ్ళాను.

ప్రమాదం తర్వాత మామయ్య 19 రోజులు ఐసీయూలో ఉన్నాడు కదా. సీటీ స్కాన్‌లో రక్తం ఎక్కడ గడ్డకట్టిందో కనబడింది. కానీ లోపల మనిషి ఉన్నాడో లేడో అది చెప్పదు. అత్తయ్య మాత్రం సాయంత్రం లోపలికి పంపిన ఆ పది నిమిషాలూ చెవి దగ్గర వంగి కబుర్లు చెప్పేది. గేదె ఈనింది, పెయ్యదూడ పుట్టింది, పడమటి చేలో నాట్లు అయిపోయాయి. ఒకరోజు నేను, "అత్తయ్యా, ఆయనకు వినబడదు, ఎందుకు అలసిపోతావు" అన్నాను. ఆమె మాట ఆపేసి నావైపు చూసింది. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. ఆ చూపు నన్ను వదలలేదురా.

ఆయన పోయాక దొరికినవన్నీ చదివాను. 2006లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం ఒక 23 ఏళ్ళ అమ్మాయికి స్కాన్ తీసింది. అప్పటికి రోడ్డు ప్రమాదం జరిగి అయిదు నెలలు. కళ్ళు తెరుస్తుంది, నిద్రపోతుంది, పిలిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. ఆమెను స్కానర్‌లో పడుకోబెట్టి, "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు. ఆ మాట అన్నప్పుడల్లా మెదడులో కదలికలకు సిద్ధం చేసే భాగం చురుకైంది. "మీ ఇంట్లో గది గదీ తిరుగుతున్నట్టు ఊహించుకో" అంటే దారులను, చోట్లను గుర్తుపట్టే భాగాలు చురుకయ్యాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ చేత అవే ఊహలు చేయించి తీసిన చిత్రాల పక్కన పెట్టి చూస్తే తేడా కనబడలేదు.

నీ ప్రశ్నకు జవాబు ఇదే. మాట్లాడగలిగేవాడి మెదడు ఎలా ఉంటుందో ముందు తెలిస్తేనే మాట్లాడలేనివాడి మెదడు చెప్పేది అర్థమవుతుంది. ఆ పోల్చి చూసుకునే చిత్రాల కోసం ఎవరో ఒకరు ఆ చప్పుడులో పడుకోవాలి. ఇంకో సంగతి, మామూలుగా కొలతకు వాడే నమూనా మెదళ్ళు ఎక్కువగా పాశ్చాత్యులవి. 2019లో ఇక్కడి ట్రిపుల్ ఐటీ వాళ్ళు 100 మంది భారతీయుల స్కాన్లతో మన నమూనా తయారుచేస్తే, సగటున మన మెదడు ఎత్తు, వెడల్పు కాస్త తక్కువని తేలింది. మన తలలకు మన కొలతే ఉండాలి కదా.

అసలు ఆ యంత్రానికి కనబడేది ఆలోచన కాదు, నెత్తురు. మెదడు బరువు ఒంట్లో నూటికి 2 వంతులే, ఖర్చుపెట్టే శక్తి మాత్రం 20 వంతులు. ఏ భాగం పనిచేస్తే అక్కడికి తాజా రక్తం పరుగెత్తుతుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం, ఆక్సిజన్ వదిలేసిన రక్తం అయస్కాంతం దగ్గర వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఆ తేడాతో మెదడు పనిని చూడొచ్చని 1990లో సీజీ ఒగావా చూపించాడు. అంతకు నూరేళ్ళ ముందే ఇటలీలో ఏంజెలో మోస్సో ఒక రైతును గమనించాడు. దెబ్బ తగిలి ఆయన పుర్రెలో కంత పడింది. మధ్యాహ్నం చర్చి గంటలు మోగగానే ఆ కంత దగ్గర మెదడు కొట్టుకోవడం పెరిగింది. ఇది చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

అలాగని స్కాన్ బొమ్మలో చురుకైన చోట్లంటూ చూపించే రంగు చుక్కలన్నీ నమ్మేయకూడదు. తల కాస్త కదిలినా లెక్క చెడుతుంది. రక్తం వచ్చేసరికి అయిదారు సెకన్లు ఆలస్యం. 2009లో అమెరికాలో కొందరు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, మనుషుల ఫొటోలు చూపించారు. వేల చుక్కలను ఒకేసారి పరీక్షించేటప్పుడు, ఊరికే యాదృచ్ఛికంగా వెలిగినట్టు కనబడేవాటిని ఏరేయడానికి లెక్కలో చేయాల్సిన సవరణ చేయకపోతే, దాని మెదడులో కూడా చురుకుదనం ఉన్నట్టు వచ్చింది! సవరణ చేయగానే పోయింది. ఆ జాగ్రత్త చెప్పడానికే వాళ్ళు ఆ పని చేశారు.

జాగ్రత్తగా చేసినవే చెబుతున్నాను. 2010లో కేంబ్రిడ్జి, బెల్జియంలోని లియేజ్ శాస్త్రవేత్తలు కలిసి మెదడు దెబ్బతిన్న 54 మంది రోగులను పరీక్షిస్తే అయిదుగురు చెప్పినట్టు ఊహించగలిగారు. వాళ్ళలో ఒకాయన, అవునంటే టెన్నిస్, కాదంటే ఇల్లు అనే పద్ధతిలో ఆరు ప్రశ్నల్లో అయిదింటికి సరిగ్గా జవాబిచ్చాడు. "మీ నాన్న పేరు అలెగ్జాండరా?" అంటే "అవును" అన్నాడు! 2024లో వచ్చిన పెద్ద అధ్యయనంలో, ఏం చెప్పినా పైకి స్పందించని 241 మందిలో 60 మందికి స్కాన్‌లోనో, తల మీద తీగలు అంటించి మెదడు విద్యుత్తును కొలిచే ఈఈజీలోనో, చెప్పింది మనసులో చేస్తున్న జాడ దొరికింది. మరి దొరకనివాళ్ళ సంగతి? అదే అధ్యయనంలో, చెప్పింది విని కళ్ళెదుటే స్పందించే 112 మందిలో కూడా 43 మందికే దొరికింది. అంటే జాడ లేనంత మాత్రాన మనిషి లేడని కాదు.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు ఇదంతా అత్తయ్యకు చెప్పాను. ఆ రోజు అన్న మాటకు క్షమించమన్నాను. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూ అంతా విని, "అయితే పెయ్యదూడ సంగతి విని ఉంటాడంటావా?" అంది. మామయ్యకు అలాంటి స్కాన్ తీయలేదు, ఏదీ గట్టిగా చెప్పలేను. "విని ఉండొచ్చు అత్తయ్యా, నువ్వు చెప్పడమే మంచిదైంది" అన్నాను. ఆ దూడ ఇప్పుడు ఈనడానికి సిద్ధంగా ఉంది, అత్తయ్య లేచి నన్ను దాని దగ్గరికి తీసుకెళ్ళింది.

పండక్కి వస్తావుగా, ఇద్దరం వెళ్ళి అత్తయ్యను చూద్దాం. అన్నట్టు నా స్కాన్ బొమ్మ ఒకటి ఇచ్చారు, తెచ్చి చూపిస్తాను. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
రవి