ఈ మధ్య బుట్ట ఎందుకు తేలికైందంటే

మా పొలం కూరగాయలు వారం వారం తీసుకునే మీ అందరికీ నమస్కారం.

నాలుగు వారాలుగా టమాటాలు చిన్నవిగా వస్తున్నాయి, వంకాయలు తగ్గాయి. కొందరు అడిగారు కూడా. తప్పు నాదే.

ఈ పంటకు ముందు జీలుగ, జనుము చల్లాను. ఇవి పచ్చిరొట్ట పైర్లు, అంటే కోయకుండా నేలలోనే కలిపి దున్ని ఎరువుగా మార్చేవి. పచ్చిరొట్టను పూత దశలో, సుమారు 45–50 రోజులకు, కాడ లేతగా ఉండగానే కలియదున్నాలి. వేరే పనుల్లో పడి నేను మరో మూడు వారాలు ఆగాను. కాడలు కట్టెల్లా ముదిరాయి. వాటినే దున్నేసి, వారం తిరక్కుండా నారు నాటాను. ముదిరిన కాడల్లో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. వాటిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నేలలోంచే లాగేసుకుంటాయి. మొక్కకు మిగలదు. అడుగు ఆకులు పసుపు తిరిగాక గానీ నాకు అర్థం కాలేదు.

కాస్త యూరియా చల్లితే త్వరగానే పచ్చబడేవి. చల్లలేదు. రసాయన ఎరువు వేయనని మీకు మాటిచ్చాను. పైగా ఆ నత్రజని నేల దాటి పోలేదు. ఆ జీవులు చచ్చి కుళ్లేకొద్దీ మెల్లగా మళ్లీ మొక్కకు అందుతుంది. ఇప్పుడు కొత్త చిగుళ్లు నిగనిగలాడుతున్నాయి.

నిన్న పక్క మడిలో అలసంద మొక్కనొకదాన్ని వేళ్లు తెగకుండా మట్టితో సహా లేపి, కడిగి చూశాను. వేళ్ల నిండా ఆవగింజంత నుంచి శనగగింజంత దాకా బుడిపెలు. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఉంటే బుడిపెలోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తున్నట్టే. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. అయితే కాయలు ముదిరేదాకా ఉంచి కోస్తే ఆ నత్రజనిలో చాలా భాగం గింజలతోనే వెళ్లిపోతుంది. అందుకే ఆ మడిలో అలసందలు మీకు పంపను. పూత రాగానే దున్నేసి, రెండు వారాలు మగ్గనిచ్చాకే నాటుతాను.

‘రసాయన ఎరువుల్లేకుండా’ అంటే నేలకు ఏమీ వేయనని కాదు. నత్రజని గాలిలోంచి వస్తుంది, భాస్వరం, పొటాష్ అలా రావు. మీ ఇంటికి చేరే ప్రతి బుట్టలోనూ మా నేలలోని భాస్వరం కొంత ఉంటుంది. అది తిరిగి చేరకపోతే నేల ఏటికేడు బక్కచిక్కుతుంది. పశువుల ఎరువు, కంపోస్టు వేసేది అందుకే. కొని తెచ్చే పశువుల ఎరువు కూడా ఇంకొకరి పొలంలో పెరిగిన మేతే కదా, దాని మీదే పూర్తిగా ఆధారపడటం నాకిష్టం లేదు.

ఇకనుంచి మూడు మళ్లలో ఒకటి ఎప్పుడూ పచ్చిరొట్టకే. రాబోయే ఆరు వారాలు బుట్ట తేలికగానే ఉంటుంది. అప్పటిదాకా వద్దనుకుంటే చెప్పండి, ముందుగా కట్టిన డబ్బు తిరిగి ఇచ్చేస్తాను. తీసుకునేవాళ్లు ఖాళీ బుట్ట ఇచ్చేటప్పుడు మా కంపోస్టు కోసం వండని కూరగాయల తొక్కలు, తొడిమలు అందులో వేసి పంపండి. ప్లాస్టిక్ కవర్లో మాత్రం కట్టొద్దు.