రొయ్యల ప్లాంటు ఆడవాళ్లకు కూలి చీటీ ఇప్పించండి: కార్మిక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు మండలాల ఊళ్ల నుంచి తెల్లారకముందే ఆడవాళ్లు వ్యానెక్కి రొయ్యల ప్లాంట్లకు పోతారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. తలలు తీయడం, ఒలవడం మా పని. సరుకు ఐసులోనే ఉండాలి కాబట్టి చేతులూ ఐసులోనే. మధ్యాహ్నానికి వేళ్లు మొద్దుబారిపోతాయి. రొయ్య ముల్లు దిగినా తెలియదు, ఇంటికొచ్చి కారం ముట్టుకున్నప్పుడు తెలుస్తుంది.

కూలి కేజీ లెక్క. తూకం వేసి మేస్త్రీ తన పుస్తకంలో రాసుకుంటాడు. మా చేతికి కాగితం ముక్క రాదు.

2025లో అసెంబ్లీ ఫ్యాక్టరీల్లో రోజు పనిని 9 గంటల నుంచి 10కి, మూడు నెలల్లో చేయించుకోగల ఓటీని, అంటే అదనపు పనిని, 75 గంటల నుంచి 144కి పెంచింది. ఒప్పుకుంటే ఆడవాళ్లకు రాత్రి షిఫ్టూ వేయొచ్చంది. కేజీ లెక్క వాళ్లకు ఓటీ ఉండదని మేస్త్రీలు అంటారు. అది అబద్ధం. లాయరు గారి చేత చదివించుకున్నాం. ముందు నెలలో రోజుకు సగటున ఎంత వచ్చిందో చూసి, దానికి రెట్టింపు రేటున ఓటీ కట్టాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్‌లోనే ఉండేది. దాని స్థానంలో కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు వచ్చినా రెట్టింపు మాట మారలేదు. కానీ ముందు నెల మాకెంత వచ్చిందో దేన్ని చూపించి అడగాలి?

2025 నవంబరు 21 నుంచి అమలైన లేబర్ కోడ్‌ల ప్రకారం నియామక పత్రం, కూలి చీటీ ఇచ్చి తీరాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్లాంటు యజమానే కట్టాలి. ఇంత హక్కు ఉండీ, ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నామో కూడా కాగితం మీద లేని మేము లేబర్ ఆఫీసుకు పోయి ఏమని చెప్పుకోవాలి?

అమెరికా సుంకాలు పెరిగినప్పుడు యజమానులు నలిగిపోయారని తెలుసు. సరుకు తగ్గితే ముందు పని పోయేది మాకే. ఈఎస్ఐ, పీఎఫ్ సక్రమంగా కట్టే వాళ్లూ ఉన్నారు. పక్క ప్లాంటు అవి ఎగ్గొట్టి తక్కువ ధరకు అమ్ముకుంటే దెబ్బ తినేది ఆ మంచి యజమానులే.

అయ్యా, రాత్రి షిఫ్టుకు మా చేత సంతకం పెట్టించుకునే ముందే ఈ పని చేయించండి. తూకం దగ్గరే, ఆ రోజు కేజీలు, లోపలికొచ్చిన వేళ, బయటికెళ్లిన వేళ తెలుగులో రాసి మా చేతికివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి. మీ ఇన్‌స్పెక్టర్లను సీజన్‌లో రాత్రిపూట, ముందుగా కబురు పెట్టకుండా పంపండి. మేస్త్రీ పుస్తకం తెప్పించి చూడమనండి. అతను పక్కన లేకుండా మమ్మల్ని అడగమనండి, అన్నీ చెబుతాం.

ఇట్లు,
రొయ్యల ప్లాంటు కార్మికురాలు,
నెల్లూరు జిల్లా