అయిదడుగుల అర

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా?

పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద హార్వర్డ్ క్లాసిక్స్ అనే పాత ఇంగ్లీషు పుస్తకాల సెట్‌లో రెండో సంపుటం దొరికిందిరా! 80 రూపాయలు. అట్ట ఒక మూల నాని ఉబ్బింది గానీ లోపల ఒక్క పేజీ చిరగలేదు. దీంతో నా దగ్గర 19 అయ్యాయి. మొత్తం 51. ఇంకా 32 కావాలి.

అన్నీ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంటే ఈ తిరుగుడు ఎందుకని మొన్న అడిగావు. నిజమే, వీటి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. కానీ ఫోన్‌లో నేను వెతికిందే చదువుతాను. ఇక్కడ నేను అడగనిది కూడా అదే అట్టలో ఉంటుంది. ప్లేటో కోసం ఈ సంపుటం కొన్నానా, ఆయన తర్వాత ఎపిక్టెటస్, ఆ తర్వాత మార్కస్ అరీలియస్. ఎపిక్టెటస్ బానిసగా బతికినవాడు, అరీలియస్ రోమ్ చక్రవర్తి. ఆ చక్రవర్తి తన పుస్తకం మొదట్లోనే, ఎపిక్టెటస్ మాటలున్న ప్రతిని తనకిచ్చిన గురువు రస్టికస్‌ని తలుచుకుంటాడు. అది చదివి ఆగలేకపోయాను. పేజీలు వెనక్కి తిప్పి ఆ బానిస మాటలు మళ్లీ మొదలుపెట్టాను. రాత్రి ఒంటిగంటయింది.

ఇంజనీరింగ్‌లో మనకి ఇవన్నీ ఎవరు చెప్పారురా? చార్లెస్ ఎలియట్ మనలాంటి వాళ్ల గురించే ఆలోచించాడనిపిస్తుంది. 40 ఏళ్లు అమెరికాలో హార్వర్డ్ యూనివర్సిటీకి ప్రెసిడెంట్‌గా చేసినాయన. అయిదడుగుల అరలో పట్టే పుస్తకాలు చాలు, రోజుకి 15 నిమిషాలు శ్రద్ధగా చదివినా మంచి చదువు వస్తుందనేవాడు. కోలియర్ అనే పుస్తకాల కంపెనీ ఆ మాట పట్టుకుని 1909, 1910ల్లో ఈ సెట్ వేసింది. పొద్దున్న కాఫీ అవగానే ఆ 15 నిమిషాలు నావి. డార్విన్‌కి మాత్రం అరగంట పడుతోంది.

ఒక్కటే నాకు లోటు. 45వ సంపుటంలో భగవద్గీత ఉంది, భారతం లేదు. జూదం, వనవాసం, రాయబారాలు తెలియకుండా గీత దగ్గర మొదలుపెట్టేవాడికి అర్జునుడి బాధ సగమే అందుతుంది. అందుకే దాని పక్కనే కవిత్రయ భారతం పెట్టుకున్నాను. అర అయిదడుగులు దాటితే దాటనీ.

అరేబియన్ నైట్స్ కథలున్న 16వ సంపుటం పంపిస్తున్నా, పాపకి రోజూ రాత్రి ఒక కథ చదివి తెలుగులో చెప్పు. జనవరిలో విజయవాడ పుస్తకాల పండక్కి వెళ్తావుగా, పాత పుస్తకాల వాళ్ల దగ్గర 22 నంబరు, అదే ఒడిస్సీ, కనబడితే బేరం దగ్గర వదిలెయ్యకు. డబ్బులు వెంటనే పంపిస్తా.

నీ
రఘు